సవరణ: పుట్టుకలో చేతి నరాలకు తగిలే గాయం గురించి

కాన్పులో బిడ్డ భుజం ఇరుక్కున్నప్పుడు చేతి నరాలకు తగిలే గాయం గురించి ఇదివరకు రాస్తూ, ఎర్బ్ పక్షవాతంలో బిడ్డకు పిడికిలి పట్టు పోతుందని పేర్కొన్నాను. అది తప్పు. మెడలోని 5, 6వ నరమూలాలు (వెన్నుపాము నుంచి నరాలు బయలుదేరే మొదళ్లు) సాగిపోవడం వల్ల వచ్చే ఈ స్థితిలో భుజం ఎత్తడం, మోచేయి వంచడం కష్టమవుతాయి. చెయ్యి ఒంటికి ఆనుకుని, లోపలికి తిరిగి, అరచెయ్యి వెనక్కు చూస్తూ వాలిపోయి ఉంటుంది. అయినా అరచేతిలో మన వేలు పెడితే బిడ్డ గట్టిగానే పట్టుకుంటుంది. ఆ పట్టు సడలేది 8వ మెడ నరమూలం, మొదటి ఛాతీ నరమూలం దెబ్బతిన్నప్పుడు. అవి మాత్రమే దెబ్బతినడం చాలా అరుదు.

‘నెలలో దానంతటదే తగ్గుతుంది’ అన్న మాటనూ వెనక్కి తీసుకుంటున్నాను. నిజానికి నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన వాక్యం ఇదే. చాలామంది పిల్లలు కోలుకుంటారు గానీ, నరం సాగి ఊరుకుందా, తెగిందా, వెన్నుపాము దగ్గరే ఊడిపోయిందా అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. నెల నిండినా కదలిక పూర్తిగా రాకపోతే నిపుణులకు చూపించాలి. శస్త్రచికిత్స అవసరమైతే సాధారణంగా 3 నుంచి 9 నెలల వయసులో చేస్తారు. కాలర్ ఎముక విరిగిన బిడ్డ కూడా నొప్పితో చెయ్యి కదపదు కనుక, ముందుగా దాన్నీ పరీక్షిస్తారు.