కోర్టుకెక్కిన చిప్స్ డబ్బా

ఇంగ్లిష్ వస్తే ప్రపంచంలో ఎక్కడైనా బతికెయ్యొచ్చని అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు చెప్తుంటాయి. బతకడం వరకు నిజమే. ఏం తిని బతకాలో ఆ ఇంగ్లిష్ దేశాలే ఇంకా తేల్చుకోలేదు.

లండన్‌లో చిప్స్ అడిగితే వేడివేడిగా వేలెడు లావు ఆలుగడ్డ ముక్కలు పెడతారు. న్యూయార్క్‌లో అడిగితే కరకరలాడే ప్యాకెట్ చేతికిస్తారు. లండన్ వాళ్లు దాన్ని క్రిస్ప్స్ అంటారు. ఆస్ట్రేలియా వాళ్లు రెండింటినీ చిప్స్ అనేసి, గొడవొస్తే ముందు 'హాట్' తగిలిస్తారు.

ఇక డబ్బాలో వచ్చే ప్రింగిల్స్. పుట్టింది అమెరికాలో. ఆలుగడ్డ తరిగి వేయించింది కాదు, పిండి కలిపి వంచిన సరుకు. కాబట్టి ఉత్త చిప్స్ అంటే కుదరదు, 'ఎండబెట్టిన ఆలుగడ్డలతో చేసిన చిప్స్' అని రాయండి అంది 1975లో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ. అంత పొడుగు పేరు ఎవరు మోస్తారని కంపెనీ 'క్రిస్ప్స్' అని పెట్టుకుంది.

బ్రిటన్‌లో క్రిస్ప్స్ మీద వ్యాట్ ఉంది. అక్కడ అదే కంపెనీ, మావి క్రిస్ప్సే కావు మహాప్రభో అంది. ఇందులో ఆలు సగం కూడా లేదు, 42 శాతమే అని కోర్టులో గర్వంగా చెప్పుకుంది. మా సరుకులో కల్తీ లేదని ఒట్టేసే వ్యాపారులు మనకు తెలుసు. మా సరుకులో సరుకే లేదని లాయర్ని పెట్టి మరీ వాదించడం వేరే స్థాయి. 2008లో హైకోర్టు ఒప్పుకుంది కూడా. 2009లో అప్పీల్ కోర్టు మాత్రం, ఆ ఉన్న ఆలు చాల్లే, పన్ను కట్టమంది.

1991లో బ్రిటన్‌లోనే, చాక్లెట్ పూసిన జాఫా కేక్‌దీ ఇదే పంచాయితీ. చాక్లెట్ పూసిన బిస్కెట్‌కు పన్నుంది, కేక్‌కు లేదు. నిలవుంటే బిస్కెట్ మెత్తబడుతుంది, కేక్ గట్టిపడుతుంది. ఇది గట్టిపడుతోందన్నది కూడా చూసి కేకేనని పన్నుల ట్రిబ్యునల్ తేల్చింది. అమెరికా దక్షిణాదిలో బిస్కెట్ అంటే గ్రేవీతో తినే మెత్తటి బన్నులాంటిది. పుట్టడమే మెత్తగా పుట్టినదానికి ఏ పరీక్ష పెట్టాలో మాత్రం ట్రిబ్యునల్ వాళ్లు సెలవివ్వలేదు.

మనం తెలివిగా బిస్కెట్ బ్రిటన్ నుంచి, చిప్స్ అమెరికా నుంచి తీసుకున్నాం. అలీన విధానం ఎక్కడైనా మిగిలుంటే మన కిరాణా కొట్లోనే.

అందుకే ఐఈఎల్‌టీఎస్‌లో మెనూ కార్డు పేపరొకటి పెట్టాలని నా డిమాండ్. మెల్‌బోర్న్‌లో ఆంట్రే అంటే భోజనానికి ముందు తినేది, డల్లాస్‌లో అదే అసలు భోజనం. డల్లాస్ అలవాటుతో మెల్‌బోర్న్ వెళ్లి ఒక్క ఆంట్రే చెప్పి కూర్చున్న మన పిల్లాడు, ఏడు బ్యాండ్లొచ్చినా సగం ఆకలితోనే లేస్తాడు.