మహారాజశ్రీ 600 ఎంఎం కెమెరా లెన్సు గారి సముఖానికి

మహారాజశ్రీ లెన్సు గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. తమరు ఏసీ గదిలో, సిలికా జెల్ పొట్లాల మధ్య, ఫంగస్ భయం లేకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నేను తమకు గుర్తుండను. ఉగాది వెళ్లిన తర్వాతి ఆదివారం పొద్దున్నే హైదరాబాదు కేబీఆర్ పార్కులో, పాత వేపచెట్టు ముందు, తమరి మూడు కాళ్ల ట్రైపాడుకి ఎడమ పక్కన నిలబడ్డవాణ్ణి. మెడలో పాత 70-300 లెన్సు కెమెరా వేలాడుతోంది. తమరి యజమాని దాన్ని ఒకసారి, నన్ను ఒకసారి చూసి, "అన్నా, జర పక్కకు జరుగు, ఫ్రేములకు వస్తున్నవ్" అన్నాడు. జరిగాను. మూడు కిలోల పైన బరువు, పది లక్షల పైన ఖరీదు ఉన్న పెద్దమనిషి వేంచేస్తే జరగక ఏం చేస్తాం?

తమరి దర్జా ముందు చెప్పుకోవాలి. ఒంటికి ఆకుపచ్చ, గోధుమరంగు మచ్చల తొడుగు. అడవిలో కలిసిపోవడానికి కాబోలు. తమరిని మోసుకొచ్చిన మనిషి మాత్రం నారింజరంగు టీషర్టు, చీకట్లో కూడా మెరిసే బూట్లు. పిట్టలు లెన్సుని చూసి భయపడతాయి గానీ మనిషిని పట్టించుకోవని ఆయనకి ఎవరు చెప్పారో!

ఆ పార్కు గురించి తమకు తెలిసే ఉంటుంది. ఒకప్పుడు నిజాం కుటుంబపు చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న తోట, తుప్ప. 1998లో నేషనల్ పార్కు అయింది. జూబ్లీహిల్స్ నడిబొడ్డున 390 ఎకరాలు. 600 రకాల మొక్కలు, 140 రకాల పక్షులు ఉన్నాయని లెక్క చెబుతారు. అలుగు, పునుగుపిల్లి, ఏదుపంది కూడా ఉన్నాయట. అవి తెలివైనవి. రాత్రి డ్యూటీ పెట్టుకుని, తమరి కారు పార్కింగులోకి వచ్చేలోపే పడుకుంటాయి.

ఇక ఆ పొద్దుటి సంగతి. గేటు దాటగానే వేపపూత వాసన. దారి పొడుగునా చిన్న చిన్న తెల్లపూలు రాలి, వాకింగ్ వాళ్ల బూట్లకు అంటుకుంటున్నాయి. ఎక్కడో పైన కంసాలిపిట్ట టుంకు, టుంకు, టుంకు అని రాగిబిందెకు సొట్టలు తీస్తోంది. కోయిల సరే, అది చైత్రంలో కూయక ఎప్పుడు కూస్తుంది? మగకోయిల కొమ్మ చివరికి వచ్చి కూర్చుంది కూడా. నల్లటి ఒళ్లు, ఎర్రటి కన్ను. తమరు మూతి కూడా తిప్పలేదు. "కోయిలకు ఏం కొడతాం బ్రో, లైటు లేదు" అన్నాడు మీ యజమాని. పంచమస్వరానికి లైటు లేదట!

అప్పుడే ఒక తేనెపిట్ట వచ్చింది. మగది. ఎండ తగిలితే వంకాయరంగు, పక్కకు తిరిగితే నెమలికంఠం రంగు. మాకు రెండు బారల దూరంలో పొదమీద వాలి, వంకర ముక్కు పువ్వులో దూర్చి తాగుతోంది. తమరు గుర్రుమన్నారు, ముందుకీ వెనక్కీ మూలిగారు, పట్టలేకపోయారు. నాలుగు మీటర్ల లోపున్నది తమకు ఆనదని నాకు అప్పుడే తెలిసింది. చత్వారం! పది లక్షలు పోసి కొన్నా చత్వారమే. ఆనేంత దూరం కోసం మీ యజమాని వెనక్కి రెండడుగులు వేశాడు. రెండోది నా పాదం మీద. నేను అబ్బా అన్నాను. తేనెపిట్ట పోయింది.

అసలు తమరు వచ్చింది తేనెపిట్ట కోసం కాదు. వేపచెట్టు తొర్రలో పగిడికంటె పిల్లలు పెట్టిందన్న కబురు ముందురోజు రాత్రే ఒక వాట్సాప్ గ్రూపులో లొకేషన్‌తో సహా వచ్చింది. పగిడికంటె అంటే గోరింకంత గుడ్లగూబ. దాని కోసం పదకొండుమంది. మా నానమ్మ ఉండుంటే నమ్మేది కాదు. ఇంటిమీద గూబ వాలిందని పంతులుగారిని పిలిపించి శాంతి చేయించిన మనిషి ఆవిడ. ఒక రకంగా గూబకు ఆ రోజులే నయం. అది కనిపిస్తే జనం తలుపులు వేసుకునేవాళ్లు.

ఆ పదకొండుమందిలో కూడా వరస ఉంది. ముందు తమరు, తమరి వెనక 400లు, ఆ వెనక నాలాంటివాళ్లు, చివర్న సెల్‌ఫోన్లు. తలంబ్రాల టైములో బంధువులకు వీడియోవాళ్ల వీపులే కనిపించినట్టు, నాకు తొర్ర కనిపించలేదు, నారింజరంగు వీపు కనిపించింది. తొర్రలోంచి పసుపుపచ్చ కళ్లు రెండు ఒక్కసారి బయటికి చూశాయి. టకటకటకటక! సెకనుకు 20 చొప్పున. కళ్లు లోపలికి పోయాయి. నిజం ఒప్పుకోవాలి, నేనూ కొట్టాను. 140 ఫోటోలు. అన్నిట్లోనూ చీకటి తొర్ర, అరముక్క భుజం. బ్యాటరీ అయిపోయింది.

ఎంతసేపటికీ కళ్లు మళ్లీ రాకపోయేసరికి ఒకాయన జేబులోంచి చిన్న స్పీకరు తీశాడు. అందులోంచి పగిడికంటె కిచకిచలు. అంటే ఏమిటంటే, పచ్చిబాలింత ఉన్న ఇంటి గుమ్మంలో నిలబడి "ఈ ఇల్లు నాది, బయటికి రండి" అని కేకలేయడం. పిల్లలకు తిండి తెచ్చే పని వదిలేసి, లేని శత్రువు కోసం అది వెతుక్కోవాలి. వద్దండీ అన్నాను. "రెండు నిమిషాలే అన్నా" అన్నాడు. రెండు నిమిషాలు పది అయ్యాయి.

నాకు చేసే పని లేదు కదా, వెనక్కి తిరిగాను. మా వెనకే, తుమ్మకొమ్మ మీద, అసలుది కూర్చుని ఉంది. నోట్లో బల్లి. బల్లి తోక ఇంకా కదులుతోంది. తల ఒకసారి కిందికి, ఒకసారి పైకి ఊపి మా పదకొండు వీపుల్నీ చూస్తోంది. ఎండ ఎక్కుతోంది. లోపల పిల్లలు. మధ్యలో తమరు.

నేను గొంతు తగ్గించి, "ఆ మలుపు దగ్గర నెమలి పురి విప్పింది" అన్నాను.

శుద్ధ అబద్ధం. కానీ లెన్సు గారూ, తమరు పరిగెత్తడం చూడాలి! మూడు కాళ్లూ భుజాన వేసుకుని, స్పీకరు జేబులో కుక్కుకుని, పదిమందీ ఒక్క ఊపున పోయారు. పగిడికంటె చప్పుడు లేకుండా నా తలమీదుగా వచ్చి తొర్రలో దూరింది. లోపల చిన్న గోల. బయటికొచ్చి నావైపు గుడ్లురిమి చూసి మళ్లీ పోయింది. ఫోటో లేదు.

పావుగంటకు తమరు తిరిగొచ్చారు. తిట్లు తినడానికి సిద్ధంగానే ఉన్నాను. మీ యజమాని నా భుజం తట్టి, "థ్యాంక్స్ అన్నా, భలే చెప్పినవ్, ఫుల్ ఫ్యాన్ ఓపెన్" అని తెరమీద చూపించాడు.

నిజంగానే పురి విప్పి ఉంది.

ఇట్లు,
తమ ఎడమ పక్కన నిలబడ్డ
70-300