గూగుల్ వచ్చినా మీ సైట్ పడుతుంది

వైజాగ్ వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "ఫలితాల రోజు, మ్యాచ్ టికెట్ల రోజు సైట్లు పడిపోయేది సర్వర్ చిన్నది కావడం వల్లే. క్లౌడ్‌లో (అద్దె సర్వర్లలో) పెట్టి ఆటో స్కేలింగ్ (జనాన్ని బట్టి సర్వర్లు వాటంతట అవే పెరిగే ఏర్పాటు) ఆన్ చేస్తే కోటి మంది వచ్చినా కదలదు. పైన ఒక సీడీఎన్ పెడితే చాలు. అప్పటికీ పడిందంటే హ్యాకర్ల పనే. గూగుల్ డేటా సెంటర్ విశాఖకు వచ్చాక ఈ బాధే ఉండదు. అప్పటిదాకా పేజీ రాకపోతే రిఫ్రెష్ కొడుతూ ఉండండి."

రాసినవాళ్లు ఎవరో గానీ, తప్పులన్నీ ధీమాగా రాశారు. తేలిగ్గా తేలిపోయేది ముందు చూద్దాం.

గూగుల్ సంగతి. విశాఖలో డేటా సెంటర్‌తో కూడిన ఏఐ హబ్ కోసం ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ఆ కంపెనీ 2025 అక్టోబరు 14న ప్రకటించింది. ఊరికి మంచిదే. అయితే సర్వర్ ముంబై నుంచి విశాఖకు వస్తే ఒక్కో రిక్వెస్టుకు, అంటే పేజీ అడిగిన ప్రతిసారీ, మిగిలేది సెకనులో కొన్ని వందో వంతులు. డేటాబేస్ (సైట్ సమాచారమంతా దాచే చోటు) దగ్గర రెండు సెకన్లు ఆగిపోయే పేజీకి అదేం లెక్క? అమెజాన్ క్లౌడ్ ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నుంచి ఉంది. ఆ రెండు ఊళ్లలో సైట్లు పడటం మానాయా?

ఇక అసలు మాట, "సర్వర్ చిన్నది." కొన్నిసార్లు నిజమే. కానీ డబ్బుకు కొదవలేని చోట కూడా సైట్లు పడ్డాయి. అమెరికా ప్రభుత్వం ఆరోగ్య బీమా కోసం 2013 అక్టోబరు 1న హెల్త్‌కేర్ డాట్ గవ్ తెరిస్తే, మొదటి రోజు నమోదు పూర్తి చేసుకోగలిగింది ఆరుగురే. పాలసీలు చూడాలన్నా ముందు ఖాతా తెరవాల్సిందే అన్నారు. జనమంతా ఆ ఒక్క మెట్టు దగ్గరే ఇరుక్కుపోయారు.

మన ఊళ్లో చిన్న ఉదాహరణ చెబుతాను. ఒక కాలేజీ ఫెస్ట్ టికెట్ల సైట్ అమ్మకం మొదలైన వెంటనే చచ్చిపోయింది. నిర్వాహకులు ఇంకా పెద్ద సర్వర్ తీసుకున్నారు, మళ్లీ అదే కథ. స్లో క్వెరీ లాగ్ (డేటాబేస్‌లో ఆలస్యమైన పనుల చిట్టా) తెరిస్తే దొంగ దొరికాడు. హోమ్ పేజీ పైన "ఇంకా ఇన్ని సీట్లున్నాయి" అని ఒక అంకె ఉంది. ఎవరు పేజీ తెరిచినా ఆ ఒక్క అంకె కోసం బుకింగుల టేబుల్ మొత్తాన్ని మొదటి నుంచి లెక్కపెడుతోంది. కొనేవాళ్లు ఆ టేబుల్‌లోనే రాయాలి, చూసేవాళ్లు దాన్నే లెక్కించాలి. ఆ అంకెను ఐదు సెకన్లకోసారి లెక్కించి పక్కన పెట్టుకుని, అందరికీ అదే చూపించారు. తర్వాతి విడత టికెట్లు పాత సర్వర్ మీదే అమ్ముడుపోయాయి.

లెక్క చాలా సులువు. డేటాబేస్‌కు వంద కనెక్షన్లు, అంటే ఒకేసారి వంద పనులు చేసే దారులు, ఉన్నాయనుకోండి. ఒక్కో పని 0.2 సెకన్లలో అయితే సెకనుకు 500 మంది పని అవుతుంది. అదే పని 2 సెకన్లు పడితే 50 మందిదే అవుతుంది.

ఆటో స్కేలింగ్ విషయానికి వస్తే, అది మంచి సాధనమే, కానీ నిదానం. సర్వర్ మీద భారం పెరిగిందని గమనించాలి, కొత్త మెషీన్ లేపాలి, అందులో అప్లికేషన్ మొదలవ్వాలి. దీనికి నిమిషాలు పడుతుంది. ఫలితాల జనం సెకన్లలో వచ్చిపడతారు. పైగా ఇందులో ఇంకో తిరకాసు ఉంది. ఒక్కో అప్లికేషన్ సర్వర్ డేటాబేస్‌కు ఇరవై కనెక్షన్లు తెరుస్తుందనుకుందాం. పది సర్వర్లయితే రెండు వందలు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ డిఫాల్ట్‌గా, అంటే మనం మార్చకపోతే, అనుమతించేది 151. అంటే జనం పెరిగారని సర్వర్లు పెంచితే, ఆ పెంచడమే "టూ మెనీ కనెక్షన్స్" అని సైట్‌ను పడేస్తుంది.

హాట్‌స్టార్ వాళ్లు ఈ మాట బాహాటంగానే చెప్పారు. 2019 ప్రపంచ కప్ సెమీఫైనల్లో, న్యూజిలాండ్ మ్యాచ్‌కి, ఒకేసారి 2.53 కోట్ల మంది చూశారు. క్లౌడ్ ఇచ్చే మామూలు ఆటో స్కేలింగ్‌ను నమ్ముకోకుండా, ఎంతమంది రావచ్చో అంచనా వేసి, మెషీన్లను ముందే సిద్ధంగా ఉంచుకున్నారు. నాకు బాగా నచ్చిన ముచ్చట వేరే ఉంది. ధోనీ అవుటవ్వగానే జనం విసుగెత్తి బ్యాక్ నొక్కారు. వీడియో చూసేవాళ్లు ఒక్కసారిగా పడిపోయారు, కానీ వాళ్లందరూ వెళ్లి పడింది హోమ్ పేజీ మీద. ఇలాంటిదాన్ని ముందే ఊహించి పెట్టుకోవాలి. ఏ బటన్ ఆన్ చేసినా అది మన బదులు ఊహించదు.

"సీడీఎన్ పెడితే చాలు" అన్నది సగం నిజం. మన పేజీల కాపీలను దేశమంతా ఉన్న సర్వర్లలో దాచి, అక్కడి నుంచే ఇచ్చే ఏర్పాటు అది. బొమ్మలకు బ్రహ్మాండం. కానీ ఉచితంగా దొరుకుతుందని అందరూ పెట్టుకునే క్లౌడ్‌ఫ్లేర్, మనం ప్రత్యేకంగా చెబితే తప్ప హెచ్‌టీఎంఎల్ పేజీని (బొమ్మలు కాక అసలు పేజీని) దాచదు. లాగిన్, పేమెంట్ ఎలాగూ మన సర్వర్‌కే వస్తాయి. ఇంకోటి, దాచిన కాపీకి గడువు తీరిన క్షణంలో వేలమంది ఒకేసారి కొత్త కాపీ కోసం వెనక్కి మన సర్వర్ మీదికే పరుగెత్తుతారు. ఒక్కరిని పంపి మిగతావాళ్లకు పాత కాపీ ఇవ్వమని ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో చెప్పవచ్చు, అదీ రెండు లైన్లలో. పరీక్ష ఫలితాలకైతే ఇంత కూడా అక్కర్లేదు. విడుదలయ్యాక మార్కులు నిమిషానికోసారి మారవు కదా. ముందు రాత్రే హాల్ టికెట్ నంబరుకో చిన్న ఫైల్ తయారుచేసి పెడితే డేటాబేస్ జోలికే పోనక్కర్లేదు.

హ్యాకర్లా? దాడులు ఉంటాయి, కాదనను. కానీ ఉప్పెనలా వచ్చే మామూలు జనం కూడా అచ్చం దాడిలాగే కనిపిస్తారు. 2009 జూన్ 25న మైకేల్ జాక్సన్ చనిపోయినప్పుడు, ఆ పేరుతో వచ్చిపడిన వెతుకులాటలు చూసి గూగులే దాడి అనుకుని, కాసేపు ఎర్రర్ పేజీ చూపించింది. సర్వర్ లాగ్ (వచ్చిన రిక్వెస్టుల చిట్టా) చూడకుండా హ్యాకర్లు అనేవాళ్లను నమ్మకండి.

చివరి సలహా మహా ప్రమాదం. మీరు రిఫ్రెష్ కొట్టినా పాత రిక్వెస్ట్ చాలాసార్లు అక్కడ నడుస్తూనే ఉంటుంది, దాని పక్కన కొత్తది చేరుతుంది. ఐదుసార్లు కొడితే ఒక్కరే ఐదుగురి పని పెడుతున్నట్టు. అలాగని తప్పంతా నొక్కేవాళ్లది కాదు. తెల్ల పేజీ చూపిస్తే ఎవరైనా నొక్కుతారు. సింహాచలం చందనోత్సవం రోజున క్యూ లైన్లు పెట్టి విడతలుగా వదిలినట్టు, సైట్ కూడా ముందు ఒక తేలికైన వెయిటింగ్ పేజీ ఇచ్చి, "మీ ముందు ఇంతమంది ఉన్నారు, పేజీ దానంతట అదే తెరుచుకుంటుంది" అని చెప్పి, మోయగలిగినంత మందినే లోపలికి వదలాలి. క్యూ నిండిపోతే "ఇప్పుడు కుదరదు" అని చెప్పే 503 కోడ్‌తో పాటు ఎన్ని సెకన్ల తర్వాత రావాలో కూడా పంపాలి. బ్రౌజర్ దాన్ని పట్టించుకోకపోవచ్చు గానీ, మొబైల్ యాప్ మనదే కాబట్టి అందులో ఆ మాట వినేలా రాసుకోవచ్చు. యాప్‌లన్నీ సరిగ్గా ఒకే సెకనుకు తిరిగి రాకుండా, ఒక్కోదానికి కాస్త అటూ ఇటూగా సమయం ఇవ్వడం మాత్రం మర్చిపోవద్దు.