సవరణ: రెసిస్టర్ బాడీ రంగు గురించి

రెసిస్టర్ (సర్క్యూట్‌లో కరెంటును అడ్డుకుని తగ్గించే చిన్న భాగం) గురించి మొన్నటి పోస్టులో "బాడీ నీలంగా ఉంటే మెటల్ ఫిల్మ్ రకం, 1 శాతం టాలరెన్స్ (రాసిన విలువకు అసలు విలువ ఎంత అటూ ఇటూ ఉండొచ్చో), మీగడ రంగైతే కార్బన్ ఫిల్మ్, 5 శాతం" అని నియమంలా రాశాను. అది తప్పు. డేటాషీట్లు (తయారీ కంపెనీలు ఇచ్చే వివరాల పత్రాలు) తిరగేస్తే తెలిసింది, అది చాలా కంపెనీల అలవాటు మాత్రమే. ఐఈసీ 60062 అనే అంతర్జాతీయ ప్రమాణం అర్థం చెప్పేది రెసిస్టర్ మీది రంగు చారలకే, బాడీ రంగుకు కాదు.

టాలరెన్స్ కూడా చారలోనే చూడాలి: గోధుమ రంగు 1 శాతం, బంగారు రంగు 5 శాతం. పసుపు, వంకాయ రంగు, ఎరుపు, బంగారు అని ఉంటే ఒళ్లు ఏ రంగైనా 4.7 కిలో ఓమ్‌లు, 5 శాతమే. నీలం బాడీ మీద గోధుమ, ఎరుపు, నారింజ చారలు ఒకేలా కనబడి విసిగిస్తాయి, అప్పుడు మల్టీమీటరుతో కొలవడమే దిక్కు. పవర్ సప్లై బోర్డులో ఫ్యూజిబుల్ రెసిస్టర్ (కరెంటు మితిమీరితే ఫ్యూజులా తెగిపోయేది) మార్చేటప్పుడు మాత్రం బాడీ రంగు చూసి వేరేది పెట్టేయకండి, పార్ట్ నంబరు చూడండి.