పాలీటన్నెల్‌కు వెచ్చదనం కన్నా గాలి ముఖ్యం

బ్రిటన్‌లో అలాట్‌మెంట్ (కూరగాయలు పండించుకోవడానికి అద్దెకిచ్చే చిన్న స్థలం) తీసుకుని పాలీటన్నెల్ (వంపు గొట్టాల మీద పాలిథిన్ షీటు కప్పిన సొరంగం లాంటి పందిరి) వేసుకోవాలనుకునే వారిలో చాలామంది మొదట అడిగేది లోపల ఎంత వెచ్చగా ఉంటుందనే. గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందని అడిగినవారు నాకు చాలా అరుదుగా తారసపడ్డారు. టన్నెల్‌లో పంట దెబ్బతినడానికి చలి కంటే కదలని గాలే ఎక్కువగా కారణమవుతుందని నా గట్టి అభిప్రాయం.

వెచ్చదనం గురించి మనకున్న నమ్మకంలో సగమే నిజం. పగటి ఎండకు లోపల వేడి త్వరగా పెరుగుతుంది కానీ, ఒకే పొర పాలిథిన్ ఆ వేడిని రాత్రికి నిలిపి ఉంచలేదు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి లోపలికీ బయటికీ మధ్య ఒకటి రెండు డిగ్రీల తేడా మాత్రమే మిగులుతుంది. అందువల్ల మంచు పడే రోజుల్లో టమాటా నారుపై మరో పొర పల్చటి గుడ్డ కప్పక తప్పదు. దీనికి భిన్నంగా, తలుపులు మూసి ఉన్న టన్నెల్‌లో మే నెల ఎండకే వేడి 40 డిగ్రీలు దాటగలదు. 35 డిగ్రీలు దాటిన వేడి కొనసాగితే టమాటా పుప్పొడి సరిగా పనిచేయక, పూత కాయ కట్టకుండానే రాలిపోతుంది.

నా మొదటి టన్నెల్‌కు ఒక కొసనే తలుపు పెట్టాను. రెండో కొసన గాలి కదలక ఆకులు తెల్లవారేదాకా తడిగానే ఉండేవి, ఆగస్టు కల్లా టమాటా కాండాలకు బూడిదరంగు బూజు పట్టింది. టన్నెల్ వాన తడిని ఆపి ఆకులు, కాయలు కుళ్లిపోయే లేట్ బ్లైట్ తెగులు నుంచి టమాటాను చాలావరకు కాపాడుతుంది. అయితే పాలిథిన్ లోపలి వైపున చేరిన ఆవిరి చుక్కలుగా ఆకుల మీద రాలుతూ ఉంటే, మనం వానను బయట ఆపి అదే తడిని లోపల తయారుచేసుకున్నట్టే అవుతుంది. ఆ మరుసటి ఏడాది వెనుక గోడ కోసి రెండో తలుపు పెట్టాను. నీళ్లు సాయంత్రం కాకుండా ఉదయమే, ఆకులకు తగలకుండా మొదళ్లలో పోయడం అప్పుడే అలవాటు చేసుకున్నాను.

ఇక నిర్మాణం. కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) స్థలమైతే చాలాచోట్ల ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ఎంత పొడవు, ఎంత ఎత్తు వరకు ఒప్పుకుంటారో ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి, గొట్టాలు కొనకముందే నిబంధనలు చదవండి. పూర్తి ప్లాటు అంటే సంప్రదాయంగా 10 రాడ్లు (రాడ్ పాత బ్రిటిష్ కొలత), సుమారు 250 చదరపు మీటర్లు. అందులో టన్నెల్ ఎంత చోటు తీసుకోవాలో నిర్ణయించుకునేటప్పుడు, లోపల వాన పడదనీ ప్రతి చుక్క నీరూ మనమే మోయాలనీ గుర్తుంచుకుంటే పెద్ద టన్నెల్ మీద మోజు కొంత తగ్గుతుంది.

పాలిథిన్‌ను గాలి లేని, వెచ్చని రోజునే కప్పాలి. వేడికి సాగిన షీటును బిగించి కడితే చల్లబడ్డాక మరింత బిగుసుకుంటుంది. వదులుగా ఉన్న షీటు గాలికి కొట్టుకుని గొట్టాల దగ్గరే చిరుగుతుంది. ఎండకు కాగిన ఇనుము కూడా తగిలిన చోటల్లా పాలిథిన్‌ను బలహీనపరుస్తుంది కాబట్టి, వంపు గొట్టాల మీద ఫోమ్ టేపు అంటించకుండా షీటు కప్పడం పొదుపు కాదు, నష్టం. అంచులను కందకంలో పాతి మట్టితో తొక్కి బిగించడం శ్రమే, అయినా పెనుగాలి రాత్రి నిశ్చింతగా నిద్రపోవాలంటే ఆ శ్రమ పడాల్సిందే.

చలికాలంలోనూ నేను తలుపులు రోజంతా మూసి ఉంచను. నేల గడ్డకట్టిన ఉదయాన సైతం ఎండ తగలగానే రెండు తలుపులూ తీసి, సెప్టెంబరులో విత్తిన పాలకూర ఆకుల మీది తేమ పూర్తిగా ఆరిన తర్వాతే కోతకు వంగుతాను.