పెద్దబడి అక్షరం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పెద్దబడి (ఇంగ్లిష్ క్యాపిటల్) అక్షరం గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమం. లినక్స్ సర్వర్ మీద తమరూ క్షేమమే. చిక్కంతా తమరు మాక్‌లో అడుగుపెట్టాకే.

తమరి ఘనకార్యం మనవి చేస్తాం. కోడ్‌లో ప్రతి మార్పునూ పద్దు రాసిపెట్టే పనిముట్టు గిట్. అందులో బ్రాంచ్ అంటే ఎవరి పని వారు విడిగా చేసుకునే పాయ, మర్జ్ అంటే ఆ పాయల్ని కలపడం. ఒక బ్రాంచ్‌లో ఒకరు చిన్నబడి (స్మాల్) 'ఐ'తో 'ఇన్‌వాయిస్.జేఎస్' చేర్చారు. ఇంకో బ్రాంచ్‌లో మరొకరు తమరిని ముందు నిలబెట్టి 'ఇన్‌వాయిస్.జేఎస్' చేర్చారు. తేడా కనిపించలేదా? మా లిపిలో తమరికి చోటు లేదు మరి. మాక్, విండోస్ డిస్కులకూ అచ్చం ఇలాగే కనిపిస్తాయి. మామూలు సెట్టింగ్‌లో అవి పేరును పెట్టినట్టే దాచుకుంటాయి గానీ, వెతికేటప్పుడు బడి తేడా పట్టించుకోవు. లినక్స్‌కి ఇవి రెండు ఫైళ్లు. గిట్‌కీ రెండే, దాని పద్దులో పేరంటే వరసగా పేర్చిన బైట్లు, అంతే.

రెండు బ్రాంచ్‌లూ అచ్చంగా ఒకే పేరుతో వేర్వేరు సరుకు చేర్చి ఉంటే గిట్ యాడ్/యాడ్ కాన్‌ఫ్లిక్ట్ అని గోలపెట్టి మర్జ్ ఆపేది. అది మర్యాదస్తుల గొడవ, కూర్చుని తేల్చుకోవచ్చు. తమరి పుణ్యమా అని పేర్లు వేరయ్యాయి కాబట్టి గొడవే లేదు. పచ్చ టిక్కు పడింది, మర్జ్ అయిపోయింది.

తర్వాత మాక్ మీద పుల్ కొట్టి, అంటే ఆ మార్పుల్ని తన మెషీన్‌కి దించుకున్నవాడి గతి చూడండి. రెండు ఫైళ్లకీ ఒకటే కుర్చీ. ఏ ఫైలూ ముట్టకుండానే గిట్ స్టేటస్ 'మోడిఫైడ్' అంటుంది. రీస్టోర్ కొడితే (గిట్ దాచినదాన్ని తిరిగి డిస్కు మీద పెట్టిస్తే) అది సర్దుకుని రెండోది మోడిఫైడ్ అవుతుంది. దాన్ని రీస్టోర్ చేస్తే మళ్లీ మొదటిది. రీసెట్ హార్డ్ కొట్టినా ఇదే తంతు. విసుగొచ్చి కమిట్ మైనస్ ఏ (మారినవన్నీ ఒకేసారి పద్దుకెక్కించే ఆదేశం) కొట్టారో, ఒకదాని సరుకు రెండు పేర్ల మీదా ఎక్కుతుంది. రెండోదాని సరుకు పాత కమిట్లలో తప్ప ఎక్కడా మిగలదు.

కాబట్టి అలాంటప్పుడు డిస్కును నమ్మం. గిట్ షో హెడ్ (తాజా కమిట్) అని, కోలన్ పెట్టి, ఒక్కో పేరూ అడుగుతాం. అది డిస్కు జోలికి పోకుండా గిట్ గోదాములోంచే తెస్తుంది. రెండు అవుట్‌పుట్లనూ వేరే ఫోల్డర్లో, ఏ బడికీ అందనంత వేరు పేర్లతో దాచి పోలుస్తాం. ఆ తర్వాత వద్దనుకున్న పేరును గిట్ ఆర్ఎం డబుల్ మైనస్ క్యాష్డ్‌తో ఇండెక్స్ (తర్వాతి కమిట్ కోసం గిట్ రాసుకున్న జాబితా) నుంచి మాత్రమే తీసేసి, ఉంచిన ఫైలును రీస్టోర్ చేసి, కమిట్ చేస్తాం. క్యాష్డ్ మర్చిపోతే డిస్కు మీద ఉన్న ఆ ఒక్కటీ పోవచ్చు.

'కోర్.ఇగ్నోర్‌కేస్‌ని ఫాల్స్ చేసెయ్' అనే తమరి భజనపరులకూ ఒక మాట. డిస్కు బడి తేడా చూస్తుందో లేదో గిట్ పరీక్షించి పెట్టుకున్న సెట్టింగ్ అది. డిస్కు మారకుండా సెట్టింగ్ మారిస్తే, పేరులో బడి మార్చినప్పుడు పాతదీ కొత్తదీ రెండూ ఎక్కి కూర్చుంటాయి. లేని గొడవ కొని తెచ్చుకోవడమే.

తమరిని గుమ్మంలోనే ఆపాలంటే మర్జ్‌కి ముందే లెక్క చూడాలి. గిట్ 2.38 నుంచి మర్జ్-ట్రీకి డబుల్ మైనస్ రైట్-ట్రీ ('రాయడం' అనే రైట్) ఇస్తే, వర్కింగ్ ఫోల్డర్ ముట్టకుండా మర్జ్ ఫలితాన్ని కట్టి, మొదటి లైన్లో దాని హ్యాష్ (గుర్తింపు సంఖ్య) ఇస్తుంది. ఆ హ్యాష్ మీద ఎల్ఎస్-ట్రీ మైనస్ ఆర్‌టీ, డబుల్ మైనస్ నేమ్-ఓన్లీ కొడితే ఫైళ్ల పేర్లూ ఫోల్డర్ల పేర్లూ వస్తాయి. దాన్ని సార్ట్ మైనస్ ఎఫ్‌కీ, అక్కణ్ణుంచి యూనీక్ మైనస్ డీఐకీ పైపు చేస్తే ఢీకొనే పేర్లు బయటపడతాయి. ఆ 'టీ' వదిలేస్తే ఫోల్డర్లలో దాక్కున్న తమరు దొరకరు. పెద్దబడి 'కాంపొనెంట్స్'లో ఒక ఫైలు, చిన్నబడి 'కాంపొనెంట్స్'లో ఇంకోటి ఉంటే ఫైళ్ల పేర్లు ఢీకొనవు. మాక్‌లో రెండూ ఒకే ఫోల్డర్లో పడి ఇంపోర్ట్‌లన్నీ పనిచేస్తాయి, లినక్స్ బిల్డ్‌లో మాత్రం ఫైలు లేదంటుంది. ఫోల్డర్ పేరులో బడి మార్చాలంటే మాక్‌లో గిట్ ఎంవీ ఒక్కసారికి లొంగదు. మధ్యలో ఏదో పేరు పెట్టి రెండు అంగల్లో దాటించాలి.

తమరికి సింహాసనం వేసినవాళ్లూ ఉన్నారు, కాదనం. లినక్స్ కెర్నెల్‌లో నెట్‌వర్క్ ప్యాకెట్లను జల్లెడపట్టే నెట్‌ఫిల్టర్‌లో, ఫైలు పేరులో 'డీఎస్‌సీపీ' పెద్దబడిలో ఉంటే ప్యాకెట్‌ని మార్చేది, చిన్నబడిలో ఉంటే పోల్చి చూసేది. అలాంటి రెపోని (కోడ్ గోదాముని) మాక్ మీద క్లోన్ చేస్తే (మొదటిసారి మొత్తం దించుకుంటే) పేర్లు ఢీకొన్నాయని 2018 నాటి 2.20 నుంచి గిట్ చెబుతోంది. క్లోన్ అప్పుడు మాత్రమే సుమండీ, పుల్ అప్పుడు నోరు మెదపదు.

ఇట్లు,
చిన్నబడి, హైఫన్ తప్ప మరొకటి ఎరుగని
తమ విధేయులు

తా.క.: తెలుగులో ఫైళ్ల పేర్లు పెట్టుకుంటే తమరి బెడద ఉండదనుకున్నాం, ఐత్వం అడ్డొచ్చింది. యూనికోడ్‌లో (యూటీఎఫ్-8 పద్ధతిలో) దాన్ని ఒకే గుర్తుగా 3 బైట్లలో రాయొచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు తగిలించి 6 బైట్లలోనూ రాయొచ్చు. అంచేత లినక్స్‌లో 'వైద్యం' అనే ఫైళ్లు రెండు పక్కపక్కనే ఉండగలవు, కంటికి తేడా తెలియదు. మాక్‌లో అలాంటి పేర్లను ఒకే గుర్తు రూపానికి తెచ్చే కోర్.ప్రీకంపోజ్‌యూనికోడ్ ట్రూలో ఉందో లేదో చూసుకుంటున్నాం.