‘దీవార్’ కథను గుడి మెట్ల దగ్గరే ఆపేస్తే ఎలా?

పాత హిందీ సినిమాలు హిందువుల దేవుణ్ణి చిన్నబుచ్చి, ముస్లింల నమ్మకాన్ని మాత్రం నెత్తిన పెట్టుకున్నాయని ఒక వాట్సాప్ మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతోంది. అందులో సాక్ష్యాలు రెండు. 1975లో వచ్చిన, సలీం-జావేద్ రాసిన ‘దీవార్’, ‘షోలే’.

‘దీవార్’లో హీరో విజయ్ గుడిలో అడుగు పెట్టడు, 786 బిళ్లను మాత్రం గుండెకు హత్తుకుంటాడు అన్నది మొదటి మాట. అది సగం కథ. ఆ బిళ్ల రేవులో కూలీకి ఇచ్చిన నంబరు. బిస్మిల్లాకు, అంటే ‘అల్లా పేరుతో’ అనే మాటకు, గుర్తుగా ఆ అంకె ముస్లింలకు పవిత్రమని తోటి కూలీ రహీం చాచా చెబితేనే అతనికి తెలిసింది. ఇక గుడి సంగతి. చిన్నప్పుడు తన ఇంటికి జరిగిన అన్యాయానికి విజయ్ దేవుడి మీద అలిగాడు. లేడనుకుంటే అలగడు కదా! అమ్మ చావుబతుకుల్లో ఉన్నప్పుడు ఆ మెట్లే ఎక్కి, శివుడి ఎదుట నిలబడి, నా తప్పుకు మా అమ్మకెందుకు శిక్ష అని నిలదీశాడు. చివరికి ఆ బిళ్ల చేజారిపోతుంది, అతని ప్రాణం గుడిలో అమ్మ ఒళ్లోనే పోతుంది. చేయించిన నగలన్నీ ఎవడబ్బ సొమ్మని రాముణ్ణే అడిగిన రామదాసును భక్తుడిగా కొలిచే మనకు ఈ సీన్ అర్థం కాకపోవడం నాకు బాధగా ఉంటుంది.

రెండో మాట: ‘షోలే’లో హీరో వీరు శివుడి విగ్రహం వెనక దాక్కుని, తాను ఇష్టపడే బసంతితో దేవుడిలా మాట్లాడి కామెడీ చేస్తాడు, ఇమామ్‌కు మాత్రం గౌరవం. ఇమామ్‌కు గౌరవం దక్కింది, దక్కాల్సిందే. కొడుకు శవం ఎదురుగా ఉండగా నమాజుకు బయల్దేరిన తండ్రి ఆయన. గుడి సీన్‌లో మనం నవ్వేది వీరు దొంగాటకు. వీరు స్నేహితుడు జై, బసంతిని తీసుకెళ్లి ఆ దొంగను చూపిస్తాడు కూడా. బసంతి భక్తిని ఎవరూ వెక్కిరించలేదు.

హిందూ భక్తికి తెర మీద చోటే లేదన్నది మూడో మాట. అదే 1975లో ‘జై సంతోషీ మా’ ఆడింది. జనం చెప్పులు బయట విడిచి హాల్లోకి వెళ్లారు, తెర మీదకు పూలు, చిల్లర విసిరారు. శుక్రవారం వ్రతం ఎన్నో ఊళ్లకు పాకింది. 1977లో ‘అమర్ అక్బర్ ఆంథోనీ’లో అక్బర్ పాడుతుంటే, షిర్డీ సాయి విగ్రహం కళ్లలోంచి వెలుగు వచ్చి గుడ్డి తల్లికి చూపు వస్తుంది. 1952 నాటి ‘బైజూ బావ్రా’లో హరి దర్శనం కోసం తపించే భజన రాసింది షకీల్ బదాయునీ, బాణీ కట్టింది నౌషాద్, పాడింది రఫీ.

నాకున్న ఫిర్యాదు వేరు. హారతి, ఉపవాసం, మంగళసూత్రం, హోలీ అంటూ హిందూ ఇంటి లోపలి దాకా వెళ్లిన కెమెరా, ముస్లిం పాత్ర దగ్గర ఎక్కువగా టోపీ, ఖవ్వాలీ, దర్గా దగ్గరే ఆగింది. లేదంటే లక్నో నవాబుల హవేలీలకు పోయింది. రహీం చాచా మనకు 786 అర్థం చెప్పాడు. ఆయన ఇంట్లో ఎవరెవరున్నారో, రంజాన్ నెలంతా ఉపవాసముండి ఆ మూటలు ఎలా మోశాడో ఏ సీనూ చెప్పలేదు.